మన ఊరి చెరువు చిత్తడి నేలేనా? కాగితం లెక్క వేరు, కొంగల లెక్క వేరు

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ ఒక పని అప్పగించింది. ఉపగ్రహ చిత్రాల్లో చిత్తడి నేలలుగా తేలిన 2,31,195 చోట్లకు మనుషులు స్వయంగా వెళ్లి చూడాలి, కొలవాలి, హద్దులు తేల్చాలి. అదీ మూడు నెలల్లో. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇక చెరువులో తట్టెడు మట్టి కూడా తీసుకోనివ్వరట" అని ఆయకట్టు రైతుల టెన్షన్. "ఇప్పటికైనా చెరువును ప్లాట్లు చేయకుండా ఆపేవాళ్లు వచ్చారు" అని ఇంకొందరి ఆశ. ఆ టెన్షన్‌కూ ఈ ఆశకూ కూడా సగమే ఆధారం ఉంది. ఎందుకంటే మన చెరువుల్లో చాలావాటిని ప్రస్తుత నిబంధనలు చిత్తడి నేలల కింద లెక్కవేయవు. చిత్రం ఏమిటంటే, సుప్రీంకోర్టు ముందున్న ఉపగ్రహ పటంలో మాత్రం అవే చెరువులు చిత్తడి నేలలుగానే ఉన్నాయి. ఈ చిక్కుముడిని మొదటినుంచీ విప్పుకుంటూ వద్దాం.

ఏడాదంతా నీళ్లుండాలా?

చిత్తడి నేల అనగానే కొల్లేరో, మడ అడవులో గుర్తొస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురంలో చిత్తడి ఎక్కడిది అని ఎవరైనా అడగొచ్చు. కానీ ఈ విషయంలో ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం మనం అనుకునేదానికన్నా చాలా విశాలమైనది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం ప్రకారం నీళ్లు నిలిచే చోటు సహజంగా ఏర్పడినా, మనుషులు కట్టినా, ఏడాది పొడవునా తడిగా ఉన్నా, కొన్నాళ్లే ఉన్నా అది చిత్తడి నేలే. భారతదేశం ఈ ఒప్పందంలో 1982లో చేరింది. మన రాష్ట్రం నుంచి కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది.

ఈ కొలతతో చూస్తే సెప్టెంబరు, అక్టోబరుల్లో నిండి ఏప్రిల్ నాటికి నెర్రెలు విచ్చే సింగనమల వైపు చెరువైనా, బుక్కపట్నం చెరువైనా చిత్తడి నేలే. ఎండిపోవడం దాని జబ్బు కాదు. దాని తీరే అంత. నీళ్లు వెనక్కి తగ్గుతూ పోయేకొద్దీ బయటపడే బురదలో పురుగులు, నత్తలు, పీతలు తేలతాయి. వాటి వెంట ఉల్లంకి పిట్టలు వస్తాయి. ఆ తర్వాత మొలిచే పచ్చికకు గొర్రెలొస్తాయి. నిండుగా ఉన్న చెరువుకన్నా తగ్గుతున్న చెరువు దగ్గరే ఎక్కువ రకాల ప్రాణులు కనిపిస్తాయి.

2010లో ఉన్న మాట 2017లో లేదు

మన దేశంలో చిత్తడి నేలలకంటూ విడిగా నిబంధనలు 2010లో వచ్చాయి. వాటి నిర్వచనంలో సరస్సులు, జలాశయాలతో పాటు చెరువులు కూడా ఉన్నాయి. నదుల ప్రధాన పాయలనూ వరి పొలాలనూ మాత్రం మినహాయించారు.

2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. నిర్వచనం మొదటి భాగం దాదాపు రామ్‌సర్ మాటే. మినహాయింపుల దగ్గరికి వచ్చేసరికి జాబితా పెరిగింది. తాగునీటి కోసం, సాగునీటి కోసం, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, వినోదానికి ప్రత్యేకంగా మనుషులు కట్టిన జలవనరులు చిత్తడి నేలల కిందికి రావు అన్నారు.

సహజ సరస్సులున్న ఈశాన్య రాష్ట్రాల్లోనో కశ్మీరులోనో ఈ మార్పు పెద్దగా తెలియకపోవచ్చు. రాయలసీమలో మాత్రం దీంతో కథ అంతా మారిపోయింది. ఇక్కడ నీళ్లు నిలిచే చోటల్లా ఎవరో ఒకరు కట్ట వేసినదే. విజయనగర కాలం నుంచి, అంతకు ముందు నుంచి కూడా వంకకు అడ్డంగా కట్ట పోసి, తూము పెట్టి, మరువ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి) వదిలి కట్టిన చెరువులే మన సరస్సులు. సాగునీటి చెరువులను తీసేస్తే ఈ మూడు పాత జిల్లాల్లో చిత్తడి నేలల జాబితా చాలా చిన్నదైపోతుంది.

చిక్కు ఇంకొకటి ఉంది. ఇస్రోకు చెందిన అంతరిక్ష అనువర్తనాల కేంద్రం తయారుచేసిన పటంలో మనుషులు కట్టిన చెరువులు ఒక ప్రత్యేక తరగతిగా ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో ఆ పటం ఆధారంగానే 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదీ 2010 నిబంధనల సూత్రాల ప్రకారం. 2024లో వచ్చిన 2,31,195 అనే సంఖ్య అదే కేంద్రం తర్వాత చేసిన పటంలోది. అంటే ఒకే చెరువు పటంలో ఉంటుంది, నిబంధనల్లో ఉండదు. క్షేత్రంలో కొలవడానికి వెళ్లినవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

చెరువులను పక్కన పెట్టడం సబబేనా?

మినహాయింపును సమర్థించేవాళ్ల వాదనలో బలం ఉంది. చెరువు అంటే ఒక నిర్మాణం. కట్టకు గండి పడితే ఆ రాత్రే పూడ్చాలి. తూము తలుపు చెడితే మార్చాలి, పూడిక తీయాలి, మరువ ఎత్తు సరిచూడాలి. ప్రతి పనికీ పర్యావరణ కమిటీ అనుమతి కోసం ఎదురుచూస్తే పంట ఆగదు. చెరువును బతికించింది దాని కింద నాలుగు మళ్లు పండించుకునే రైతే. అతన్ని దూరం చేసే ఏ రక్షణైనా చివరికి చెరువుకే చేటు.

ఈ వాదనకు కడప జిల్లా పోరుమామిళ్లలోనే పాత సాక్ష్యం ఉంది. అక్కడి చెరువును విజయనగర యువరాజు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ఆ పనిని వివరంగా చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల శ్రమ. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ శాసనం లెక్కపెట్టింది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీళ్లు తెచ్చే ఏరు, రాతి కట్ట, పక్కనే రాతి గని, కింద సారవంతమైన పల్లపు పొలాలు అంగాల్లోకి వస్తాయి. కట్ట ఊటెక్కడం, చవిటి నేల, రెండు రాజ్యాల హద్దు మీద ఉండటం, చెరువు నడుమ నేల ఎత్తుగా ఉండటం, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్లు ఎక్కువ కావడం దోషాలు. ఇదంతా ఇంజినీరు చూపు. చెరువు సేద్యం కోసం కట్టిందేనని ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం.

అవతలి వాదన కూడా అంతే గట్టిది. కట్టింది ఎందుకన్నది ఒక సంగతి, ఆరేడు వందల ఏళ్ల తర్వాత అక్కడ ఏముందన్నది మరో సంగతి. పైగా "ప్రత్యేకంగా సాగు కోసం" అనే మాట ఊరి చెరువుకు ఏనాడూ పూర్తిగా సరిపోలేదు. పశువులు తాగేది అక్కడే, బట్టలు ఉతికేది అక్కడే, చేపలు పట్టేదీ అక్కడే. ఊరి బావుల్లో ఊట నిలిచేది దాని వల్లే. ఆయకట్టుకు నీళ్లు పారి ఎన్నో ఏళ్లయిన చెరువులున్నాయి. అవి ఇంకా సాగునీటి చెరువులేనా? పొరుగు రాష్ట్రం ఏం చేసిందో చూడండి. కర్ణాటకలోని విజయనగర జిల్లాలో అంకసముద్రం అనే ఊరి సాగునీటి చెరువు పక్షుల సంరక్షణ కేంద్రమైంది. 2024 జనవరిలో రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. తమిళనాడు వేడంతాంగల్ కూడా మొదట సాగు కోసం కట్టిన చెరువే. అది 2022లో ఆ జాబితాకెక్కింది. మన దేశ నిబంధనలు సాధారణంగా చిత్తడి నేల కాదనే తరగతి చెరువుకు అంతర్జాతీయ గుర్తింపు దొరికిందన్నమాట.

చెరువును చిత్తడి నేలగా అధికారికంగా ప్రకటిస్తే, అంటే నోటిఫై చేస్తే, రైతుకు ఏమవుతుందన్న భయానికి ఇక్కడే జవాబు చెప్పాలి. నోటిఫై అయిన చిత్తడి నేలలో 2017 నిబంధనలు వద్దనేవి కొన్ని పనులను. ఆక్రమించడం, వేరే వాడకానికి మార్చడం, పరిశ్రమలు పెట్టడం, చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం, వేటాడటం, గరిష్ఠ నీటిమట్టం సగటు నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడాలు కట్టడం. తూము ఎత్తి మడికి నీళ్లు పెట్టుకోవడం ఈ జాబితాలో లేదు. మిగతా పనుల్లో ఏది చేయవచ్చో, ఏది నియంత్రించాలో ఒక్కో చెరువుకు విడిగా రాసుకోవాలి. ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరాలు విన్నాకే తుది ప్రకటన. నా మటుకు నాకు రైతు భయంలో నిజం ఉన్నది ఈ "విడిగా రాసుకోవడం" దగ్గరే. ఆ కాగితం రాసేటప్పుడు ఊరివాళ్లు ఆ గదిలో లేకపోతే పూడిక మట్టి సంగతి ఎవరికీ గుర్తురాదు.

జానెడు లోతు నీళ్ల విలువ

చిలమత్తూరు మండలం వీరాపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఊళ్లోని చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. పత్రికల్లో వీటిని తరచూ సైబీరియా పక్షులు అని రాస్తారు. అది నిజం కాదు. ఇవి మన ఉపఖండం పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్న చోటును వెతుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతాయి. పసుపుపచ్చని పొడుగు ముక్కు, ఈకలు లేని ఎర్రటి ముఖం, తోక దగ్గర లేత గులాబీ రంగు. పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. గూళ్లున్న చెట్ల జోలికి పోరు. చేపల కంపు, రెట్టల కంపు నెలల తరబడి భరిస్తారు. ఈ ఊరిని ఎంత పొగిడినా తక్కువే.

కానీ కొంగకు గూడు ఒకటే చాలదు. అది వేటాడే తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. లోతు తక్కువ నీళ్లలో నిలబడి, ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ మెల్లగా నడుస్తుంది. కాలితో బురదను కెలుకుతుంది. కంటితో వెతకడం కన్నా స్పర్శ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చేప ముక్కుకు తగిలిన క్షణంలో ముక్కు మూసుకుంటుంది. ఈ పద్ధతి పని చేయాలంటే రెండు ఉండాలి. జానెడు లోతు నీళ్లు. ఆ నీళ్లలో కిక్కిరిసిన చిన్న చేపలు. చెరువు తగ్గే నెలల్లోనే ఆ రెండూ ఒకచోట చేరతాయి. అందుకే అవి పిల్లలను పెంచే కాలం చెరువులు తగ్గే కాలంతో కలిసి వస్తుంది. పొదగడానికి నెల, పిల్లలు ఎగరడానికి మరో రెండు నెలల పైన. అంటే గూడు కట్టిన నాటి నుంచి మూడు నెలలకు పైగా చుట్టుపక్కల ఏదో ఒక చెరువులో పల్చటి నీళ్లుండాలి. ఫిబ్రవరిలో గుడ్లు పెడితే మే దాకా. వానలు తప్పిన ఏడాది కొంగలు తగ్గిపోయేది అందుకే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. ఊహించిన చెరువే, కానీ కొలతలు మన నేలకు దగ్గరగానే ఉంటాయి. చెరువు పైభాగంలో నేల చాలా మెల్లగా, 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుందనుకుందాం. పావు మీటరు లోతు వరకూ కొంగ నడవగలదనుకుంటే, ఒడ్డు నుంచి 50 మీటర్ల దాకా దానికి వేట నేల దొరుకుతుంది. ఒడ్డు పొడవు ఒక కిలోమీటరైతే మొత్తం 5 హెక్టార్లు, సుమారు 12 ఎకరాలు.

అదే ఒడ్డు పొడవునా జేసీబీతో నిటారుగా గుంతలు తవ్వారనుకుందాం. ఒడ్డు నుంచి మీటరు ముందుకు పోతే మీటరు లోతు. అప్పుడు పావు మీటరు లోతు దొరికేది ఒడ్డు నుంచి పావు మీటరు దాకానే. కిలోమీటరు పొడవుకు 250 చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరు సెంట్లు. 12 ఎకరాల వేట నేల ఆరు సెంట్లకు పడిపోయింది. చెరువులో నీళ్లు మాత్రం తగ్గలేదు, పెరిగి కూడా ఉండొచ్చు. పైనుంచి ఉపగ్రహం చూస్తే "చెరువు బాగుంది" అంటుంది.

పూడిక తీయడం తప్పని దీని అర్థం కాదు. ఒండ్రు నిండిన చెరువులో రెండు వానలకే మరువ పారుతుంది, నెల తిరగకుండానే నీళ్లు ఇగిరిపోతాయి. అనంతపురం ఎండకు పల్చగా పరుచుకున్న నీళ్లకన్నా లోతుగా నిలిచిన నీళ్లు ఎక్కువ కాలం ఉంటాయన్నది ఏ రైతుకైనా తెలుసు. పోరుమామిళ్ల శాసనం నడుమ ఎత్తు నేలను దోషమన్నది కూడా ఇందుకే. పాత పద్ధతిలో రైతులు వేసవిలో బండ్లతో పైపైన ఒండ్రు తీసి పొలాలకు తోలుకునేవాళ్లు. వాలు చెడేది కాదు, పొలానికి సత్తువ దొరికేది. ఇటుక బట్టీలకో రోడ్డు పనికో మట్టి తీసేవాళ్లు దగ్గర్లో దొరికిన చోట నిలువునా తవ్వుకుపోతారు. అడగాల్సింది ఎంత తీశారని కాదు, ఎక్కడ తీశారని. కట్ట వైపు, తూము ముందు లోతు చేసి పైభాగం వాలును వదిలేస్తే రైతుకూ కొంగకూ కావలసింది ఒకే చెరువులో ఉండగలదన్నది చెరువులను ఎరిగినవాళ్లు చెప్పే మధ్యమార్గం. దాన్ని కాదనడానికి నాకు కారణం కనిపించదు.

ఐదున్నర ఎకరాల గీత

ఉపగ్రహ పటంలో చిత్తడి నేలకు ఒక చిన్న హద్దు ఉంది. 2.25 హెక్టార్లు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలు. ఆ పటం వాడిన స్కేలులో అంతకన్నా చిన్నవాటికి సరైన ఆకారం గీయలేరు, చుక్కలుగా మాత్రమే గుర్తిస్తారు. ముందు పటంలో దేశం మొత్తం మీద తేలినవి 7,57,060. అందులో 5,55,557 చుక్కలే. సుప్రీంకోర్టు చెప్పిన 2,01,503 మిగతావి.

ఒక ఊళ్లో నలభై ఎకరాల చెరువు ఉంది. పక్క ఊళ్లో నాలుగేసి ఎకరాల కుంటలు పది ఉన్నాయి. నీటి విస్తీర్ణం రెండుచోట్లా ఒకటే. మొదటి ఊరు జాబితాలో ఉంటుంది. రెండో ఊళ్లో ఒక్కటీ ఉండదు. కప్పల సంగతి తీసుకుంటే రెండో ఊరే మేలు కావొచ్చు. పెద్ద చేపలు లేని, నాలుగు నెలలే నిలిచే కుంటల్లో తోక కప్పలు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువ. తూనీగలకూ అంతే. కుంటలను పూడ్చి చదును చేయడం ఎంత సులువో, వాటి గురించి అడిగేవాళ్లు ఎంత తక్కువో మన పట్టణాల శివార్లలో చూస్తూనే ఉన్నాం.

పైగా మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని మరువ నీళ్లు వంకలో దిగి కింది చెరువుకు చేరాలి. నడుమ వంకలో ఎవరో వెంచర్ వేస్తే కింది చెరువు హద్దు రాళ్లన్నీ భద్రంగానే ఉంటాయి, నీళ్లే రావు. నోటిఫై చేసిన చిత్తడి నేలకు దాని పరీవాహక ప్రాంతాన్ని కూడా చూడాలని 2017 నిబంధనలు చెబుతాయి. నోటిఫై కాని చెరువుకు ఆ భాగ్యం లేదు.

పదేళ్ల సగటు కరవు సీమలో ఏం చేస్తుంది?

పక్కా కట్టడాలకు 50 మీటర్ల దూరం అన్నాం కదా. ఆ దూరాన్ని కొలిచేది నిబంధనలు అమల్లోకి వచ్చిన నాటికి ముందు పదేళ్లలో కనిపించిన గరిష్ఠ నీటిమట్టాల సగటు నుంచి. గోదావరి జిల్లాల్లో ఏటా నిండే చెరువుకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ?

మూడు మీటర్లకు పూర్తిగా నిండే చెరువు ఒకటి ఊహించుకోండి. పదేళ్లలో ఏటేటా చేరిన గరిష్ఠ మట్టం మీటర్లలో 3, 0, 1, 3, 2, 0, 0, 1, 3, 2. మొత్తం 15, సగటు ఒకటిన్నర మీటరు. పైన అనుకున్న వాలులోనే చూస్తే, ఒకటిన్నర మీటరు మట్టానికీ మూడు మీటర్ల మట్టానికీ మధ్య అడ్డంగా 300 మీటర్ల నేల ఉంటుంది. సగటు గీత నుంచి 50 మీటర్లు వదిలేస్తే ఇంకా 250 మీటర్ల నేల మిగులుతుంది. ఆ పదేళ్లలో కనీసం మూడుసార్లు నీళ్లు నిలిచిన నేల అది.

చిత్తడి నేల హద్దునే పూర్తి నీటిమట్టం దగ్గర గీస్తే ఈ నేల లోపలే ఉంటుంది, దాన్ని వేరే వాడకానికి మార్చడం ఎలాగూ నిషేధం. హద్దు గీసేవాళ్లు సగటునే పట్టుకుంటేనో, కరవు ఏడాది మే నెలలో వచ్చి తడి ఉన్నంత మేర కొలిస్తేనో ఆ నేల బయటపడుతుంది. మూడేళ్లు ఎండిన చోట ఇల్లు కట్టుకున్నవాడు నాలుగో ఏడు వానకు మునిగినప్పుడు తప్పు చెరువుదనే అంటాడు. మరువ రాతి మట్టం ఎంత, తుఫాను ఏడాది నీళ్లు ఏ చెట్టు మొదలు దాకా వచ్చాయి అన్నది చెరువు నీళ్లు వదిలే నీరుగంటి చెప్పగలడు, ముసలి రైతులు చెప్పగలరు. ఆ సాక్ష్యాన్ని కాగితం మీదికి ఎక్కించే ఏర్పాటు ఉంటేనే క్షేత్ర పరిశీలన అన్న మాటకు అర్థం.

నీళ్లు తెస్తే అన్నీ బతుకుతాయా?

కరవు సీమలో పుట్టినవాళ్లకు నీళ్లు వస్తే అంతా మేలే అనిపించడం సహజం. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణ నీళ్లను మాల్యాల దగ్గర ఎత్తిపోసి కర్నూలు, అనంతపురం మీదుగా తీసుకొస్తోంది. ఆ నీళ్లు చేరిన చెరువుల చుట్టూ బోర్లలో ఊట పెరుగుతుంది, అది బతుకు నిలిపే సంగతి. కరవు ఏడాది ఆ నీళ్లే కొంగలకూ దిక్కు. కానీ చెరువును వేసవి పొడవునా అంచుల దాకా నింపి ఉంచితే పల్చటి నీళ్లు మిగలవు, చేపలు ఒకచోట చేరవు. ఎప్పుడు, ఎంత నింపాలన్నది కూడా జీవవైవిధ్యం ప్రశ్నే.

కర్నూలు పాత జిల్లాలోని రోళ్లపాడు ఇంకో పాఠం. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పాటైంది. ఈ పక్షికి చెరువు అక్కర్లేదు, చెట్లూ అక్కర్లేదు. విశాలమైన గడ్డి నేల కావాలి, చుట్టూ జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటలు కావాలి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ వట్టి నేల మీద. కంచె లోపల గడ్డిని కాపాడారు. కంచె బయట కాలువ నీళ్లతో మెట్ట పొలాలు తడి పొలాలయ్యాయి, పంటలు మారాయి, మనుషుల రాకపోకలు, మందులు పెరిగాయి. కంచె లోపలి నేల ఒక్కటే బట్టమేకకు ఎప్పుడూ సరిపోదు. నేడు రోళ్లపాడులో కృష్ణజింకలు కనిపిస్తాయి, బట్టమేక పిట్ట కనిపించదు. దేశం మొత్తం మీదే అవి 150కి లోపని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. కాలువ నీళ్లతో బాగుపడ్డ రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే గడ్డి నేలను బంజరుగా లెక్కగట్టిన చూపు మాత్రం తప్పే. ఆ లెక్కలో పోయేదేమీ లేదు కాబట్టి అడిగినవాళ్లూ లేరు.

కడప జిల్లా కలివికోడిది మరీ సున్నితమైన కథ. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న ఈ రాత్రి పిట్ట, 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర తిరిగి దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాన్ని పట్టిచ్చింది స్థానికంగా పిట్టలు పట్టే మనిషి. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు, 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో మళ్లీ కాలువ తవ్వకం దాని నేలలోకి వచ్చి కొంత పొదల అడవి పోయాక మరోసారి దారి మార్చాల్సి వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు జాడ లేదు. 2025లో దాని కూత మళ్లీ రికార్డయింది. దీనికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు, నడుమ నడుమ ఖాళీ నేల. పశువుల మేత, కట్టెల సేకరణ మితంగా ఉంటే ఆ ఖాళీలు నిలుస్తాయి, శ్రుతి మించితే పొదలే పోతాయి. పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకోవచ్చు. కాపాడటం అంటే కంచె వేయడమే అనుకునేవాళ్లకు కలివికోడి ఒప్పుకోదు.

ఇప్పుడు ఉన్న రక్షణ ఏది?

చిత్తడి నేల కాకపోయినంత మాత్రాన చెరువుకు దిక్కు లేదని కాదు. ఊరి చెరువులు, కుంటలు సమాజం ఆస్తి అని, వాటిని ఇళ్ల స్థలాలుగా ఇవ్వకూడదని 2001లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. దాన్ని మనవాళ్లు వాల్టా అంటారు. 1997 నాటి చట్టం కింద సాగునీటి సంఘాలున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో చెరువు పొరంబోకు అనే కాలమ్ ఉంది. ఇవన్నీ చెరువు స్థలాన్నీ నీటినీ చూస్తాయి. స్థలం మిగిలి, వాలు చెడి, మురుగు చేరి, సర్కారు తుమ్మ కమ్ముకుని, అందులో బతికేవి పోయినా ఈ చట్టాల్లో చాలావరకు అది కేసు కాదు. ఆ తేడా కోసమే చిత్తడి నేలల నిబంధనలు. అందుకే వాటిలో సాగునీటి చెరువుకు చోటు ఉండాలా వద్దా అన్నది ఇంత పెద్ద ప్రశ్న అయింది. అన్ని చెరువులనూ ఒకేసారి చేర్చడం అమలయ్యే పని కాదన్న వాదన నాకు ఒప్పే. పక్షులు గూళ్లు కట్టేవీ, మేతకు ఆధారపడేవీ అని తేలిన చెరువులను కూడా "సాగు కోసం కట్టినవి" అన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం మాత్రం ఒప్పుకోలేను.

వీరాపురంలోనే ఈ చిక్కు మొత్తం కనిపిస్తుంది. గూళ్లున్నది ఊరి నడుమ చింతచెట్ల మీద, అది ఏ నిర్వచనంలోనూ చిత్తడి నేల కాదు. వన్యప్రాణి చట్టం కింద ప్రజల సమ్మతితో కమ్యూనిటీ రిజర్వుగానో, జీవవైవిధ్య చట్టం కింద వారసత్వ స్థలంగానో ప్రకటించడానికి చట్టంలో దారులున్నాయి. అవి చెట్లను కాపాడగలవు. కొంగలు తినేది మాత్రం చుట్టూ కిలోమీటర్ల దూరంలో చెదిరి ఉన్న చెరువుల్లో. అవన్నీ సాగునీటి చెరువులే. కొన్ని సరిహద్దు దాటి బాగేపల్లి వైపు, అంటే ఇంకో రాష్ట్రం అధికారుల చేతిలో. ఈ చెరువుల్లో ఏవేవి కొంగలకు ఏ నెలలో ఆధారమో రెండు రాష్ట్రాల వైపు నుంచీ ఒకే జాబితాగా రాసి, హద్దులు కొలిచే బృందాల చేతిలో పెట్టడం ఇప్పుడు జరగాల్సిన పని.